ఆయన అండి, నా అండి

మా గోదావరి జిల్లాల్లో సినిమావాళ్ళు ఎదురుపడని మనిషి అరుదు. ఏడాది పొడుగునా ఎక్కడో ఒకచోట షూటింగు జరుగుతూనే ఉంటుంది. కాలవ గట్టు మీద కెమెరా పెడతారు, ఊరంతా గొడుగులేసుకుని నిలబడుతుంది. మా కాలేజీ అటెండరు రాజమండ్రి పెట్రోలు బంకులో ఒక హీరోకి మంచినీళ్ళ సీసా అందించాడు. మా వీధి చివర టైలరు ఒక హీరోయిన్ జాకెట్టుకి ఊడిన హుక్కు కుట్టిపెట్టి, ఆ సూదిని ఇప్పటికీ విడిగా దాచుకున్నాడు. అందరి ఫోన్లలోనూ ఒక ఫోటో ఉంటుంది. పెళ్ళిచూపులకి వెళ్ళినా సరే, కాఫీలు రాకముందే ఆ ఫోటో బయటికి వస్తుంది.

నా దగ్గర ఫోటో లేదు. ఉన్నా చూపించేవాణ్ణి కాను. చూపిస్తే దాని గురించి నాలుగు మాటలు చెప్పాలి, నాకు నత్తి.

నత్తి అంటే అందరూ అనుకున్నట్టు ప్రతి మాటకీ తడబడడం కాదు. కొన్ని అక్షరాలు దారి ఇస్తాయి, కొన్ని తలుపేసుకుంటాయి. అచ్చులు నాతో మంచిగానే ఉంటాయి. ప, చ, క, ఈ మూడింటికీ నాకూ పడదు. అందుకని నేను మాటలు మార్చుకుంటూ బతికాను. కాఫీ ఇష్టం, కానీ హోటల్లో టీ అంటాను. కర్పూర అరటిపళ్ళు ఇష్టం, కానీ కొట్టు దగ్గర అమృతపాణి అంటాను. నేను ఇంటికి ఏ పండు తెచ్చినా అది నాకు నచ్చిన పండు కాదు, నాకు నోరు తిరిగిన పండు. ఇరవై ఏడేళ్ళుగా మా ఆవిడ నాకు అమృతపాణి అంటే ప్రాణం అనుకుంటోంది.

మా అమ్మాయి పుట్టినప్పుడు మా ఆవిడ ‘ప’తో మొదలయ్యే పేరొకటి ముచ్చటపడి పెట్టుకుంది. నేను పట్టుబట్టి అచ్చుతో మొదలయ్యే పేరు పెట్టించాను. బాప్తిస్మం నాడు అందరూ పేరు ఎంత బాగుందో అన్నారు. అది నా నత్తి పెట్టిన పేరని ఎవరికీ తెలియదు. ఇక నా సొంత పేరు ‘ప’తోనే మొదలవుతుంది. బదులుగా ఇంకో మాట పెట్టుకోవడానికి వీల్లేని మాట లోకంలో అదొక్కటే.

మాట ఇరుక్కున్నప్పుడు నాకు చేతికర్ర ‘అండి’. మా వైపు ‘అండి’ ఎక్కడ వేసినా చెల్లుతుంది. మీరు ఎదురింటి గేదెని కూడా అండి అని పిలుస్తారట కదా అని పై జిల్లాలవాళ్ళు మమ్మల్ని ఆట పట్టిస్తారు. వాళ్ళకేం తెలుసు, దాని విలువ! “నేను అండి, అండి, పరీక్షల విభాగంలోనే అండి” అంటే వినేవాడికి మర్యాద, నాకు ఊపిరి తీసుకునే సందు. భీమవరంలో ఒక ఇంజనీరింగు కాలేజీలో పరీక్షల విభాగంలో గుమస్తాగా చేరి, ఒక కిటికీ వెనక కూర్చుని, ఆ ఒక్క మాట మీద బండి లాగించాను. కాగితాలు మనల్ని పేరు అడగవు.

అంతా సాఫీగా సాగుతుండగా ఆయన వచ్చి పడ్డాడు.

ఆయన హాస్యనటుడు, మా జిల్లాల మనిషే. ఒక సినిమాలో ఆయన ఊరి పెద్ద ముందు చేతులు కట్టుకుని నిలబడి “అండి... అండి... అండీ!” అంటాడు. మూడో అండి దగ్గర గొంతు పైకి లేస్తుంది. దానికి హాలు హాలంతా పడీ పడీ నవ్వింది. తర్వాత ప్రతి సినిమాలోనూ అదే. పండుగల స్టేజీల మీద, ఫోన్ రింగుటోన్లలో, ఆటోల వెనక అద్దాల మీద అదే. ఆ మొదటి సినిమా విడుదలయ్యాక వచ్చిన సోమవారం నేను కిటికీ తెరిచేసరికి ఇంజనీరింగు పిల్లలు వరసగా నిలబడి “అండి... అండి... అండీ, హాల్ టికెట్టండీ!” అన్నారు. మొదటి వాడు అన్నప్పుడు నేనూ నవ్వాను. పదిహేనేళ్ళు నవ్వడం ఎవడి వల్లా కాదు. బ్యాచిలు మారాయి, మాట మారలేదు. కాలేజీలో నాకు ఆయన పేరే ఖాయమైంది.

నేను ఆయన్ని మనసారా అసహ్యించుకున్నాను. టీవీలో ఆయన కనబడితే స్విచ్ కట్టేసేవాణ్ణి. “ఆయనేం చేశాడండీ పాపం,” అని మా ఆవిడ వంటింట్లోంచి అనేది. ఏం చేశాడో చెప్పాలంటే ‘ప’లూ ‘చ’లూ చాలా కావాలి, ఊరుకునేవాణ్ణి.

పోయిన ఏడాది మా అమ్మాయికి తుని సంబంధం కుదిరింది. అబ్బాయి అక్కడ స్కూల్లో టీచరు, వాళ్ళూ మాలాగే లూథరన్ క్రైస్తవులే, మర్యాద గల కుటుంబం. పెళ్ళి మా చర్చిలో. మా పెళ్ళిళ్ళలో ప్రసంగానికి ముందు పెళ్ళికూతురి తరఫువాళ్ళు ఒకరు లేచి బైబిల్లో ప్రేమను గురించిన అధ్యాయం చదవడం ఆనవాయితీ. నోరు బాగున్న పెద్దమనిషిని చూసి ఆ పని అప్పజెబుతారు. పెళ్ళి రెండు వారాలుందనగా మా అమ్మాయి నా ముందు కూర్చుని చెప్పింది.

“వాక్యం నువ్వు చదవాలి డాడీ.”

నేను పుట్టి పెరిగిన చర్చి అది. ఆదివారం పాఠాలు చదివే వంతుల పట్టికలో అందరి పేర్లూ వస్తాయి, నా పేరు రాదు. ఎందరు పాస్టర్లు మారినా ఎవరూ చెప్పకుండానే ఒకరి నుంచి ఒకరికి అందిన దయ అది. ఆ సంగతి మా అమ్మాయికి తెలియదా?

“ఇంకెవరైనా చదువుతారమ్మా,” అన్నాను.

“ఇంకెవరూ వద్దు. నువ్వే.”

ఎందుకని నేను అడగలేదు. అడగడానికీ టైం పడుతుంది. సరేనన్నాను. సరేనన్న ఆ రాత్రే మోసానికి ఏర్పాట్లు చేసుకున్నాను. పెళ్ళిరోజు పొద్దున్నే మెడకి మఫ్లర్ చుట్టుకుని గొంతు పట్టేసిందని చెప్పాలి. నా బదులు చదవడానికి సిద్ధంగా ఉండమని మా బావమరిదికి చెవిలో ఊదాను. ఆయన కంచు గొంతు మనిషి, అడిగిందే తడవుగా ఒప్పుకున్నాడు. ఇక నిశ్చింతగా ఉండాలి కదా! లేదు. ఆ అధ్యాయం తీసి ‘ప్రేమ’ అన్న మాట ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టాను. రెండోసారి లెక్కపెట్టినా తగ్గలేదు.

పెళ్ళి నాలుగు రోజులుందనగా అరటి గెలల కోసం రావులపాలెం వెళ్ళాను. ట్రాలీ ఆటో మాట్లాడుకుని డ్రైవరు పక్కన కూర్చున్నాను. గుమ్మం దగ్గర మా ఆవిడ రెండుసార్లు చెప్పింది, “ఏవండీ, చక్కరకేళే తేవాలి. మీకిష్టమని అమృతపాణి తెచ్చారో, ఆటోని ఇటు రానివ్వను.”

రావులపాలెం అరటి మార్కెట్టులో పొద్దున తొమ్మిదింటికి అడుగు పెట్టడానికి చోటుండదు. సైకిళ్ళకి రెండు పక్కలా గెలలు కట్టుకుని రైతులు వస్తూనే ఉంటారు. లారీల్లోకి ఎత్తేవాళ్ళ కేకలు, కాళ్ళ కింద జారే అరటి డొప్పలు. దారి పొడుగునా నేను లోపల్లోపల చక్కరకేళి, చక్కరకేళి అనుకుంటూనే వచ్చాను. లోపల ఎప్పుడూ బాగానే వస్తుంది. గెలలు వరసగా నిలబెట్టి ఉన్న ఒక షెడ్డు ముందు ఆగాను. వ్యాపారి చలాకీ మనిషి, తెల్ల బనియను, భుజం మీద కండువా.

“రండి రండి, ఏం గెలలు కావాలండి?”

“చ... అండి... చ... అండి, అండి...”

ఆయన ముఖం వెలిగిపోయింది. “అయ్యబాబోయ్! అచ్చు దింపేశారండీ! మూడోది కూడా ఏసెయ్యండి మరి!” అని నేను వెయ్యకముందే తనే వేసేశాడు, చేతులు కట్టుకుని, మెడ వంచి, “అండి... అండి... అండీ!”

గెలలెత్తే ఇద్దరు నవ్వారు. షెడ్డు మూల బల్ల మీద టోపీ, మాస్కూ పెట్టుకున్న ఒకాయన టీ గ్లాసుతో కూర్చుని ఉన్నాడు. హైవే మీద కారు టైరు మార్పించుకుంటూ ఈలోగా నీడకి వచ్చినవాడిలా ఉన్నాడు. వ్యాపారి ఆయన్నీ వదల్లేదు.

“మీరు సెప్పండి, నేను బాగా సేశానా, ఈయన బాగా సేశారా? పోనీ మీరూ ఒకటి ఏసుకోండి, ఊరికే కూసున్నారు కదా!”

ఆయన మొహమాటపడుతూనే లేచి నిలబడి, చిన్నగా అన్నాడు, “అండి... అండి... అండీ.”

వ్యాపారి పెదవి విరిచాడు. “పర్లేదు గానండీ, సివర్న ఎత్తాలండి. ఎత్తితేనే నవ్వొత్తాది. మీకు రాదులెండి.”

“ఆయ్, నాకు రాదండి,” అని ఆయన బుద్ధిగా కూర్చున్నాడు.

వ్యాపారి మళ్ళీ నా మీదికి వచ్చాడు. నేనింకా ‘చ’ దగ్గరే ఉన్నాను. మెడ బిగిసిపోయింది. “సిన్న గెలలా అండి? సవగ్గా ఉండేయా?” అని ఆయన నా మాట పూర్తి చెయ్యబోయాడు. అలా పూర్తి చేసేవాళ్ళంటే నాకు వెక్కిరించేవాళ్ళకన్నా ఎక్కువ కోపం. అమృతపాణి అనేసి పోదాం, మా ఆవిడతో పడేదేదో పడదాం అని నోరు తెరిచాను.

“ఆ... ఆగండి,” అన్నాడు బల్ల మీది మనిషి. “ఆయన చెప్తారు.”

వ్యాపారి ఆగాడు. మామూలుగా నాకు మాట రాకపోతే జనం నేల చూస్తారు, లేదా నా పెదవులు చూస్తారు. ఈయన నా కళ్ళలోకి చూస్తూ, బస్సు కోసం కూర్చున్నవాడికున్నంత తీరికగా టీ గ్లాసు చేతిలో తిప్పుతూ ఉండిపోయాడు. ఎంతసేపో నాకు తెలియదు. “చక్కరకేళి,” అన్నాను. నా మాట నాకే పరాయిగా వినబడింది. ఎన్నని అడిగితే ఆరు అన్నాను. ఆరుకి ఇబ్బంది లేదు.

గెలలు ఏరడానికి వ్యాపారి లోపలికి వెళ్ళాడు. బల్ల మీది మనిషి పక్కకి జరిగి చోటిచ్చాడు. టీ తాగడానికి మాస్కు కిందికి లాగాడు.

ఆయనే.

ఎవరైనా ఏం చేస్తారు? ఫోను తీస్తారు. నేను తిట్టాను. పదిహేనేళ్ళుగా ఆ తిట్లు లోపల సిద్ధంగా ఉన్నాయి. లోపల నాకు నత్తి లేదు కాబట్టి అవి చాలా గొప్పగా ఉండేవి. బయటికి మాత్రం ముక్కలు ముక్కలుగా వచ్చాయి. మీ వల్ల నా కిటికీ ముందు నిలబడ్డ ప్రతి పిల్లాడూ నన్ను వెక్కిరించాడండి, నా బతుకులో నాకున్నది ఒక్క అండి, దాన్ని మీరు జోకు చేసి పారేశారండి, అని చెప్పడానికి ఆయన చేతిలో టీ చల్లారిపోయేంత సేపు పట్టింది. ఆయన ఒక్కసారి కూడా మధ్యలో అందుకోలేదు.

“అయిపోయిందాండి?” అన్నాడు.

“ఆయ్.”

“ఇప్పుడు నేను చెప్పొచ్చాండి?” అని, “నా... న...” దగ్గర ఆగిపోయాడు.

మళ్ళీ వెక్కిరిస్తున్నాడని చెయ్యి చేసుకోబోయాను, నిజం. అంతలో ఆయన మెడ చూశాను. దొంగ నత్తికీ అసలు నత్తికీ తేడా నాకు తెలిసినంత ఏ డాక్టరుకీ తెలియదు. దొంగ నత్తిలో నోరు ఆడుతుంది. అసలు నత్తిలో మెడ బిగుస్తుంది. ఆయన మెడ నరం తాడులా లేచి నిలబడింది.

“నాకూ నత్తేనండి,” అన్నాడు చివరికి.

నేను ఆగాను. అది నాకు చాతనైన పని.

మొదటి సినిమాలో ఆయనకి ఒకటే డైలాగట. ‘పెద్దయ్య గారూ, పిలిచారా’ అనాలి. ‘ప’ మీద ‘ప’. లైట్లు వేశారు, కెమెరా తిరిగింది, మాట రాలేదు. చిన్నప్పట్నుంచీ ఇంట్లో అలవాటున్న చేతికర్రే పట్టుకున్నాడు, అండి... అండి... అని. మూడోసారికి భయంతో గొంతు పైకి లేచింది. కెమెరా వెనక ఎవరో పకపకా నవ్వారు. డైరెక్టరు అసలు డైలాగు తీసేసి అండి ఉంచేశాడు.

“అందరూ నాది నటన అనుకున్నారండి. నేను కాదనలేదండి. కాదంటే మళ్ళీ పిలవరు కదండీ.”

“మరి ఇప్పుడు?” అన్నాను.

“ఇప్పుడు రాసిచ్చేత్తన్నారండి. కాగితం మీద మూడు అండ్లు టైపు చేసిచ్చేత్తారు. రాసిన అండి నా నోట్లోంచి రాదండి. చప్పగా వత్తాది. ఇందాక చూశారు కదండీ, అతను కూడా కనిపెట్టేశాడు.” నవ్వాడు. “ఇరుక్కుంటేనే వచ్చేది అండి. అందుకని టేకుకి ముందు లోపల నా పేరు చెప్పుకోడం మొదలెడతానండి. నా పేరు నాకు ఎప్పుడూ రాదండి. గ్యారంటీగా ఇరుక్కుంటాను. యాక్షన్ అంటారు. అప్పుడు వత్తాదండి, నిజం అండి.”

నేను నోరు వెళ్ళబెట్టాను. నేను మూసిన తలుపు ఎటుంటే దానికి దూరంగా పారిపోయిన మనిషిని. ఈయన ప్రతి టేకుకీ తనంతట తాను వెళ్ళి ఆ మూసిన తలుపుకే నుదురు కొట్టుకుంటున్నాడు. ముప్పై సినిమాలో నలభై సినిమాలో, ప్రతి నవ్వూ అలా తీసుకొచ్చిందే. లోకమంతా నవ్విన ఆ మూడు మాటల కింద ఉన్నది ఏమిటో అర్థం కాగలిగింది బహుశా ఆ మార్కెట్టు మొత్తంలో నాకొక్కడికే. అంతవరకూ నాకు ఆయన మీదున్న అసహ్యం ఎటు పోయిందో తెలియదు. దండం పెట్టాలనిపించింది. పెట్టాను కూడా. ఆయన నా చేతులు పట్టుకుని కిందికి దించేశాడు.

అప్పుడు చెప్పాను, నాకూ నా పేరు రాదన్న సంగతి, మా అమ్మాయి పెళ్ళి సంగతి, వాక్యం సంగతి, మఫ్లర్ సంగతి. మా ఆవిడకి కూడా చెప్పని మఫ్లర్ సంగతి ఒక సినిమా ఆయనకి చెప్పాను.

“ఏ మాటతో మొదలవుద్దండి?”

“ఎక్కడ చూసినా అదే మాటండి. ప్ర... ప్... ప్రేమ.”

“ప్రేమా!” అని ఆయన పడీ పడీ నవ్వాడు. “అదీ ‘ప’కి ‘ర’వొత్తాండి! మీ దేవుడికి జాలి లేదండి!”

నాకూ నవ్వొచ్చింది. నా నత్తి మీద నేను కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వడం అదే మొదలు. నవ్వులు తగ్గాక అడిగాను, అండి వేసుకుంటూ చదివెయ్యనా అని. ఆయన తల అడ్డంగా ఊపాడు.

“అండి వేస్తే నవ్వుతారండి. నా పేరు చెప్పి మరీ నవ్వుతారు. మీ పాప పెళ్ళిలో నేనెందుకండీ మధ్యన?” అని, టీ గ్లాసు బల్ల మీద పెట్టి, “ఏం వెయ్యకుండా ఊరికే ఆగిపోతే ఏమవుద్దో నాకు తెలీదండి. ఒట్టు. నేనెప్పుడూ ఆగి చూళ్ళేదు. అంత ధైర్యం నాకు లేకపోయింది,” అన్నాడు.

అంత పెద్ద పేరున్న మనిషి నాలాంటివాడి పక్కన కూర్చుని ఆ మాట ఒప్పుకోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. సలహా చెప్పి ఉంటే ఆ రోజే మర్చిపోయేవాణ్ణి.

కారు సిద్ధమైందని ఫోను వచ్చింది. ఆయన లేచి, వద్దంటున్నా ఒక గెలకి ఒక పక్క చెయ్యి వేసి ఆటో దాకా వచ్చాడు. నేను ఈ సంగతి ఎవరికైనా చెప్పుకోవచ్చా అని అడిగాను. “చెప్పుకోండి. పేరు మాత్రం వద్దండి,” అని మాస్కు పైకి లాక్కున్నాడు. “ఎలాగూ మనిద్దరికీ పేరు చెప్పడమే కదండీ రానిది.”

కారు వెళ్ళిపోయాక డ్రైవర్లెవరో గుర్తుపట్టి వ్యాపారికి చెప్పారు. ఆయన కండువా నెత్తినేసుకుని పరిగెత్తుకొచ్చాడు. “అయ్యబాబోయ్, ఆయనకే రాదన్నానండీ! మీరన్నా ముందే సెప్పొచ్చు కదండీ!”

“నాకు టైం పడుతుంది కదండీ,” అన్నాను.

పెళ్ళిరోజు మఫ్లర్ జేబులో పెట్టుకునే చర్చికి వెళ్ళాను. ధైర్యం వచ్చేసిందని అబద్ధం ఎందుకు చెప్పాలి? మా బావమరిది మొదటి వరసలో గొంతు సవరించుకుంటూ కూర్చున్నాడు. మా అమ్మాయి తెల్లచీరలో, తల మీద ముసుగుతో పీఠం ముందు నిలబడి ఉంది. కీర్తన అయిపోయింది. పాస్టరు గారు నా వైపు చూశారు. నేను మఫ్లర్ మీద చెయ్యి వేశాను. మా అమ్మాయి వెనక్కి తిరిగింది. అలా తిరగకూడదు, పక్కనున్న పిల్ల ముసుగు సర్దుతూ వారించింది కూడా. తిరిగి నా వైపే చూస్తూ నిలబడింది. నేను లేచాను.

చదువు బల్ల దగ్గరికి వెళ్ళి, వేలు పెట్టుకుని, మొదటి వాక్యం సగం దాకా బాగానే వెళ్ళాను. తర్వాత ఆ మాట వచ్చింది. పెదవులు కలిశాయి. కలిసినవి విడిపోలేదు. మైకులో నా ఊపిరి మాత్రం బరబరా వినబడుతోంది. నాలిక మీద అండి ఎప్పటిలాగే వచ్చి కూర్చుంది. మింగేశాను. ఇక చెయ్యడానికేం లేక ఆగిపోయాను.

ఆగితే ఏమైందో చెబుతాను. ఏమీ అవలేదు. పైన ఫ్యాన్లు తిరిగాయి. వెనక ఒక చంటిపిల్ల ఏడిస్తే తల్లి వరండాలోకి తీసుకెళ్ళింది. పాస్టరు గారు సాయానికి చెయ్యి ఎత్తబోయి దించేశారు. మా ఆవిడ తల వంచుకుంది, ప్రార్థిస్తోందో సిగ్గుపడుతోందో తెలియలేదు. ఎవరూ నవ్వలేదు. అంతమంది జనం ఊరికే నా కోసం ఉన్నారు. నేను యాభై ఆరేళ్ళుగా ఎవరినీ అలా ఉండనివ్వలేదు, ఏదో ఒకటి అడ్డం వేసి వాళ్ళనీ నన్నూ తప్పించేశాను. “ప్రేమ,” అన్నాను. తర్వాత వాక్యంలో మళ్ళీ అదే మాట, మళ్ళీ ఆగాను. మా బావమరిది ఒక్క నిమిషంలో ముగించేది నేను ఎంతసేపు చదివానో గడియారం చూసినవాళ్ళని అడగాలి. కానీ ఉన్న మాటలన్నీ ఉన్నట్టే చదివాను, ఒక్కటి కూడా మార్చలేదు. కూర్చున్నాక చూసుకుంటే చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది.

చర్చిలో చప్పట్లు కొట్టరు. బయటికి వచ్చాక మా మేనత్త, “బానే చదివావు గాని నాయనా, భోజనాలు చల్లారిపోయుంటాయి,” అంది.

సాయంత్రం తుని బయలుదేరడానికి ఇంకా అరగంట ఉందనగా, కారుకి పూలు కడుతుంటే మా అమ్మాయి నన్ను చర్చి పక్కన సండే స్కూలు గదిలోకి తీసుకెళ్ళింది. చిన్నపిల్లల బల్లల మీద ఇద్దరం కూర్చున్నాం.

“నువ్వు ఇంతసేపు మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు డాడీ,” అంది.

“అది... చదవడమమ్మా.”

“తెలుసు. మాట్లాడమంటే మాట్లాడవు. చదవమంటే మధ్యలో ఆపి వెళ్ళలేవు కదా. అందుకే అడిగాను. వెళ్ళేలోగా ఒక్కసారి నీ గొంతు పూర్తిగా విందామని.”

నా కష్టమంతా నాదేననుకున్నాను ఇన్నాళ్ళూ. బడిలో ఫస్టు వచ్చానని పరిగెత్తుకొచ్చినా, ఏ కోర్సులో చేరనని అడిగినా, స్నేహితురాలు చనిపోయిందని ఏడ్చినా ఆ పిల్లతో నేను అన్నది ఒకటే మాట, “అమ్మనడుగు.” అచ్చుతో మొదలవుతుంది కదా. ఇరవై ఆరేళ్ళు అమ్మనడుగుతోనే గడిపేశాను. సిగ్గేసింది. చెప్పలేనంత సిగ్గేసింది.

బయట కారు తలుపులు వేస్తున్న చప్పుడు. ఇంకో పావుగంట ఉంటుందేమో. ఏదైనా చెప్పాలి, కానీ కూతురితో ఏం చెబుతారో నాకు తెలియదు, ఎప్పుడూ చెప్పలేదు. నాకు తెలిసిన కథ ఒకటే ఉంది.

“మొన్న గెలల కోసం రావులపాలెం వెళ్ళానా,” అని మొదలుపెట్టాను. “అక్కడ... చ... చ...”

ఆగాను. చిన్నప్పుడు దాన్ని పడుకోబెట్టి కథలన్నీ వాళ్ళమ్మే చెప్పేది, నేను పక్క గదిలో కళ్ళు మూసుకుని వినేవాణ్ణి. మా అమ్మాయి పెళ్ళిచీర కుచ్చెళ్ళు ఒళ్ళోకి తీసుకుని, చెంపకి చెయ్యి ఆనించుకుని, నా ముఖంలోకి చూస్తూ “ఊఁ,” అంది.